ప్లీడరు కట్టిన పూటకూళ్ళ ఇల్లు

మా నాన్న కడప కోర్టులో ముప్పయ్యేళ్ళు ప్లీడరు గుమాస్తాగా చేశారు. వాయిదా ఉన్నవాళ్ళు ముందురోజు సాయంత్రమే బస్సు దిగి, కోర్టు దగ్గర లాడ్జిలో పడుకుని, తెల్లారేసరికి కాగితాల సంచీ చంకన పెట్టుకుని మా గడప తొక్కేవాళ్ళు. ఇంగ్లండ్‌లోని లడ్లో అనే ఊళ్ళో ఫెదర్స్ అనే పాత పూటకూళ్ళ ఇంటి ముందు నిలబడితే నాకు వాళ్ళే గుర్తొచ్చారు.

2014 వేసవిలో బర్మింగ్‌హామ్ నుంచి వెళ్ళాను. ఊరు ఇంగ్లండ్‌దే, ష్రాప్‌షైర్‌లో ఉంది, కానీ వేల్స్ సరిహద్దు పక్కనే. ఒకప్పుడు వేల్స్‌నీ సరిహద్దు జిల్లాలనీ ఏలిన రాజమండలి ఇక్కడి కోటలో కొలువుండేది. వ్యాజ్యాలూ అదే తీర్చేది. ఇక ప్లీడర్లు చేరకుండా ఉంటారా? ఆ కొలువులో వాదించడానికి పెంబ్రోక్‌షైర్ నుంచి వచ్చిన రీస్ జోన్స్ 1619లో ఈ ఇల్లు కట్టించాడు.

మూడంతస్తులు. నల్లటి దూలాలు, వాటి మధ్య తెల్లటి గార. కప్పు బరువు మోయడానికి అంత కలప అక్కర్లేదు. వజ్రాకారాలు, చెక్కిన మొహాలు, ఎక్కడా ఖాళీ వదల్లేదు. ఆ ముఖద్వారం చూశాక ఏ కక్షిదారూ ఫీజు దగ్గర బేరమాడి ఉండడు.

1616లో ఛార్లెస్ వేల్స్ యువరాజయ్యాడు. ఆ హోదాకి గుర్తు మూడు ఉష్ట్రపక్షి ఈకలు. జోన్స్ వాటిని ఇంటి నెత్తిన చెక్కించాడు. ఏ ఎండకా గొడుగు! ఆ ఛార్లెస్ రాజై, 1649లో తల పోగొట్టుకున్నాడు. ఈకలు మాత్రం అలాగే ఉన్నాయి. 1670 ప్రాంతంలో ఇల్లు పూటకూళ్ళ ఇల్లయింది, దాని పేరూ ఆ ఈకలదే. 1689లో మండలిని ఎత్తేశారు. కోర్టు పోయినా బస మిగిలింది.

ఇంకో సంగతి. 1774 నుంచి 1794 దాకా ఈ ఊరి తరఫున పార్లమెంటులో కూర్చున్నది ఎడ్వర్డ్ క్లైవ్, రాబర్ట్ క్లైవ్ కొడుకు. 1800లో నిజాం మా కడపని కంపెనీకి దత్తం చేసినప్పుడు మద్రాసు గవర్నరు ఆయనే.

ఇనుప గుబ్బల తలుపు తాళం పట్టీ మీద ఆర్., ఐ. అని రెండక్షరాలున్నాయి. అప్పట్లో జోన్స్‌ని ‘ఐ’తోనే రాసేవారు. ఆ రాత్రి ఫోన్‌లో నాన్నకి ఇదంతా చెప్పాను.

“గుమాస్తా పేరు కూడా ఎక్కడన్నా చెక్కించాడా రా?” అన్నారు.