ఓపీ లైన్లో ఒక పొద్దు

“రవ్వంత జరుగు నాయనా, మోకాళ్లు పీకతా ఉండాయి.”

గవర్నమెంటు ఆసుపత్రిలో ఓపీ చీటీ కోసం నిలబడి ఉంటే వెనక నుంచి ఓ పెద్దావిడ. చంద్రగిరి అవతల నుంచి మొదటి బస్సుకే వచ్చిందట. చేతిలో కవరు. అందులో రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు, పాత మందుల చీటీలు, వాటిమీద పెరుగన్నం డబ్బా.

నాన్నకి కాలికి షుగరు పుండు. మొన్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఏసీ, మెత్తటి కుర్చీలు. కాలు చూడకముందే అడ్వాన్స్ కట్టమన్నారు. కార్డు చూపిస్తే “దీనికి వర్తించదు సార్” అన్నారు, నవ్వుతూనే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. జాబితాలో ఉన్న చికిత్సలకే డబ్బులిస్తుంది, ఆ సంగతి కౌంటర్ దగ్గరికి వెళ్లాకే తెలుస్తుంది.

ఇవాళ ఎవరూ నవ్వలేదు. రెండు గంటలు నిలబడ్డాం. కానీ ఆ కుర్ర డాక్టరు కట్టు తనే విప్పి, పాదం నొక్కి చూసి, “రాత్రిపూట అన్నమేనా తాతా?” అని అడిగాడు. నాన్న దొంగచూపులు చూశాడు!

రుయా, స్విమ్స్, బర్డ్ లాంటి పెద్దాసుపత్రులన్నీ మా ఊళ్లోనే, తిరుపతిలోనే ఉన్న మాకే ఇంత తిరుగుడు. ఆ పెద్దావిడకి చీటీ ఉచితమే, “ఈరోజు కూలి పోయినట్టే” అంది మామూలుగా. నా సెలవుకి జీతం కోయరు. ఆ మాట విన్నాక నా విసుగు నాకే సిగ్గనిపించింది.

శుక్రవారం మళ్లీ కట్టు మార్పించాలి. ఈసారి నాన్నకి మడత స్టూలు తీసుకెళ్తాను.