అమ్మ ముందు, నేను వెనక్కి

పోయిన ఏడాది మాఘంలో పెళ్లిళ్ల సీజన్. మాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు, ఇంట్లోనే మిషను కుడతాను. జాకెట్ల పని మీద పడి పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేదాన్ని కాదు. ఓ రోజు కత్తెర కింద పడితే తీద్దామని వంగాను. మళ్లీ లేవలేకపోయాను.

తర్వాత నెలల తరబడి మాత్రలు, బెల్టు. శ్రీకాకుళంలో ఎమ్మారై తీయిస్తే నడుం దగ్గర ఎల్‌4, ఎల్‌5 అనే వెన్ను ఎముకల మధ్య మెత్తగా ఉండే డిస్కు కొంచెం ఉబ్బిందన్నారు. ఆపరేషన్ అక్కర్లేదని డాక్టరు గారు చెప్పినా టెన్షన్ తగ్గలేదు. బిందె ముట్టుకోను, వంగను. తుమ్ము వస్తుంటే గోడ పట్టుకునేదాన్ని.

ఫిజియోథెరపీ మేడం కొన్ని వారాలు పడుకుని చేసే ఎక్సర్‌సైజులు చేయించి, ఆ తర్వాత వెనక్కి నడవమన్నారు. ముందుకు నడిస్తే మడమ మొదట ఆనుతుంది. వెనక్కి నడిస్తే మునివేళ్లు మొదట ఆని, మడమ తర్వాత దిగుతుంది. అడుగు చిన్నదవుతుంది, ఒళ్లు నిటారుగా నిలుస్తుంది, వెన్ను పక్క కండరాలకి పని పడుతుంది. ‘‘ఐదు నిమిషాలతో మొదలెట్టండి. నేల చదునుగా ఉండాలి, తోడు మనిషి ఉండాలి. కాలు పట్టు తప్పినా, మూత్రం తెలియకుండా పోయినా ఆగకుండా వచ్చేయండి’’ అన్నారు.

తోడుకి మా అమ్మ వచ్చింది. స్కూలు గ్రౌండు పక్కనే పొలాల్లో అప్పుడు ఉభాలు, అంటే వరి నాట్లు, జరుగుతున్నాయి. ‘‘ఎనక్కి నడవడానికి కూడా డాక్టరు కావాలేటే? మేం ఉభాలప్పుడు దినమల్లా ఎనక్కే కదా నడిసీవోలం’’ అంది. నిజమే. కానీ వాళ్లు నడుం విరిగేలా వంగి, బురదలో నడిచారు. అమ్మ నడుం నొప్పికి ఎన్నడూ ఎక్స్‌రే తీయించలేదు. అది ఇన్నేళ్లూ నాకు తట్టనందుకు ఆ పొద్దున చాలా బాధేసింది.

మొదటి రోజు పది అడుగులకే చెమటలు పట్టాయి. వేళ్లతో నేలని తడుముకుని, చదునుగా ఉందనిపించాకే మడమ దించేదాన్ని. అమ్మ నాకు ఎదురుగా, నా అడుగులో అడుగు వేస్తూ నా వెనకున్న దారి చూసేది. ‘‘రాయుంది, ఎడం పక్కకి... ఆఁ, రా.’’

మూడో వారానికి రాత్రి పక్క మీద అటు నుంచి ఇటు తిరగగలిగాను. మూడు నెలలకి ఇరవై నిమిషాలు నడుస్తున్నాను. ఒక్క వెనక నడకే బాగు చేసిందని చెప్పను. పడుకుని చేసేవి మానలేదు, మిషను దగ్గర అరగంటకోసారి లేస్తున్నాను. కానీ భయం పోయింది మాత్రం ఆ గ్రౌండులోనే.

మొన్న సంక్రాంతికి వాకిట్లో వంగి ముగ్గు వేశాను. చిన్నదే, ఏడు చుక్కలది. ఇప్పుడు పొద్దున్నే గ్రౌండులో సగం సేపు అమ్మ వెనక్కి నడుస్తుంది, దారి నేను చూస్తాను.