మలాథియాన్ నీళ్లలో ఎన్నాళ్లు ఉంటుంది? ఒక హైడ్రాలసిస్ స్టడీలో నా అనుభవం

హైదరాబాద్‌లో పురుగుమందులకు భద్రతా పరీక్షలు చేసే ఒక ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మందుకి రిజిస్ట్రేషన్ కావాలంటే ఇవ్వాల్సిన స్టడీల్లో హైడ్రాలసిస్ ఒకటి. మందు వాగులోనో చెరువులోనో పడిందనుకోండి. ఎండతోనూ సూక్ష్మజీవులతోనూ సంబంధం లేకుండా, ఒట్టి నీటి వల్లే అది ఎంతకాలానికి విరిగిపోతుంది? ఆ నీటికి ఆమ్లగుణం ఉంటే ఎంత, క్షారగుణం ఉంటే ఎంత? ఇదీ మేం తేల్చాల్సింది. మొదటి నుంచి చివరిదాకా నా చేతుల మీదుగా నడిచిన తొలి హైడ్రాలసిస్ స్టడీ మలాథియాన్‌ది.

మలాథియాన్ 1950లో మార్కెట్లోకి వచ్చిన పాత మందు. దాని అంకెలు ఎప్పుడో అచ్చయ్యాయి. అమెరికా పర్యావరణ సంస్థ పత్రాల ప్రకారం 25 డిగ్రీల దగ్గర మందు సగానికి తగ్గడానికి పట్టే కాలం, అంటే హాఫ్ లైఫ్, పీహెచ్ 5లో దాదాపు 107 రోజులు, పీహెచ్ 7లో 6 రోజులు, పీహెచ్ 9లో 12 గంటలు. పీహెచ్ 7 కంటే తక్కువైతే ఆమ్లగుణం, ఎక్కువైతే క్షారగుణం. జవాబు ముందే తెలిసిన లెక్క కదా, సులువుగా అయిపోతుందని పక్క సెక్షన్ వాళ్లు అన్నారు. నాకు మాత్రం అందుకే టెన్షన్ ఎక్కువైంది. ఎవరికీ తెలియని అణువైతే వచ్చిన అంకే అంకె. ఇక్కడ తేడా వస్తే ఎందుకొచ్చిందో చెప్పాలి.

మేం పాటించేది ఓఈసీడీ అనే దేశాల కూటమి ఇచ్చిన 111వ నంబరు పరీక్షా గైడ్‌లైన్. ఇప్పుడున్న రూపం 2004 నాటిది. పీహెచ్ 4, 7, 9 ద్రావణాల్లో మందు కలిపి ముందుగా 50 డిగ్రీల దగ్గర 5 రోజులు ఉంచుతాం. పది శాతం కూడా విరగకపోతే మామూలు ఉష్ణోగ్రతలో హాఫ్ లైఫ్ ఏడాది పైనే ఉంటుందని లెక్క, ఆ పీహెచ్‌లో పని అక్కడితో ఆగిపోతుంది. అంతకంటే ఎక్కువ విరిగితే కనీసం మూడు ఉష్ణోగ్రతల్లో పూర్తి స్టడీ చేయాలి. మలాథియాన్ మూడు పీహెచ్‌లలోనూ పది శాతం దాటింది. ఎంత మందు మిగిలిందో క్రొమటోగ్రఫీ యంత్రం గ్రాఫ్ గీసి చూపిస్తుంది, మందు ఉన్నచోట గీత శిఖరంలా లేస్తుంది, అదే పీక్. పీహెచ్ 9 వయల్స్‌లో, అంటే చిన్న గాజు సీసాల్లో, అయితే ఒక్క రాత్రి గడిచేసరికి మలాథియాన్ పీక్ ఉండాల్సిన చోట అడుగు గీత తప్ప ఏమీ లేదు.

ఈ పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది బఫర్ల మీద, అంటే పీహెచ్‌ని నిలకడగా ఉంచే లవణ ద్రావణాల మీద. పీహెచ్ 4కి సిట్రేట్, 7కి ఫాస్ఫేట్, 9కి బోరేట్. కలపడం తేలిక, నిలబెట్టడం కష్టం. పీహెచ్ 9 ద్రావణాన్ని మూత లేకుండా వదిలేస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మెల్లగా కిందికి దిగుతుంది. పైగా వేడికి కూడా పీహెచ్ మారుతుంది. మీటర్ కాలిబ్రేషన్‌కి వాడే బోరాక్స్ ద్రావణం 25 డిగ్రీల దగ్గర 9.18 ఉంటే, 50 డిగ్రీలకి 9.01కి వస్తుంది. చూడ్డానికి చిన్న తేడానే. కానీ మలాథియాన్ లాంటి క్షారానికి ఓర్చుకోలేని మందుకి ఆ మాత్రం తేడా కూడా హాఫ్ లైఫ్‌లో కనిపిస్తుంది. అందుకని బఫర్‌ని పరీక్ష జరిగే ఉష్ణోగ్రతకి తెచ్చి, అక్కడే పీహెచ్ కొలిచి సరిచేశాను. ఎలక్ట్రోడ్‌ని కడిగి, టిష్యూతో అద్ది, రీడింగ్ కదలకుండా నిలిచేదాకా చూస్తూ కూర్చోవడం బోరు కొట్టే పనే. అయినా ఆ స్టడీ మొత్తంలో నేను ఏ తొందరా పడకుండా చేసింది అదే.

ఎంత మందు వేయాలన్న దానికీ లెక్క ఉంది. నీటిలో కరిగే గరిష్ఠ మోతాదులో సగం దాటకూడదు, 0.01 మోలార్ (అణువుల సంఖ్యతో లెక్కించే గాఢత) కూడా దాటకూడదు, రెండిట్లో ఏది తక్కువైతే అది. మలాథియాన్ లీటరు నీటిలో దాదాపు 145 మిల్లీగ్రాములే కరుగుతుంది. అంటే 70 దాకా వెళ్లొచ్చు. మేం లీటరుకి 10 మిల్లీగ్రాములే తీసుకున్నాం. ముందు అసిటోనైట్రైల్ అనే సాల్వెంట్‌లో కరిగించి కలిపాం. ఆ సాల్వెంట్ కూడా ఒక శాతం దాటకూడదు. బఫర్లని 0.2 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, కాసేపు నైట్రోజన్ పంపి ఆక్సిజన్ పోగొట్టి, వేడితో శుద్ధి చేసిన గాజు వయల్స్‌లో పోశాం. వెలుతురు తగలకుండా అల్యూమినియం ఫాయిల్ చుట్టాం. ఇంత జాగ్రత్త ఎందుకంటే, బ్యాక్టీరియా తిన్నదాన్ని, కాంతి విరగ్గొట్టినదాన్ని నీటి ఖాతాలో వేయకూడదు కాబట్టి.

అసలు పరీక్ష పీహెచ్ 9 దగ్గర ఎదురైంది. స్టడీ మొదలుపెట్టే ముందు మెథడ్ వాలిడేషన్ చేస్తున్నాం. తెలిసిన మోతాదు వేసి, అంతా తిరిగి దొరుకుతోందా అని చూడటం. లేబుల్ చేయని, అంటే రేడియోధార్మిక గుర్తు తగిలించని మందుకి 70 నుంచి 110 శాతం మధ్య రావాలి. పీహెచ్ 4, 7 సాంపిల్స్ హాయిగా వచ్చాయి. పీహెచ్ 9వి మాత్రం ఒక్కొక్కటి ఒక్కోలా ఉన్నాయి. వరుసలో ముందు యంత్రంలోకి ఇంజెక్ట్ అయినవి బాగున్నాయి, వెనకవి తగ్గుతూ పోయాయి. మా స్టడీ డైరెక్టర్ మేడమ్ ఆ గ్రాఫ్‌లన్నీ బల్ల మీద పరిచి చూసి, "మొదటి వయల్‌నే మళ్లీ ఇంజెక్ట్ చేసి చూడమ్మా" అన్నారు.

చేశాను. పొద్దున వచ్చిన పీక్‌లో నాలుగో వంతు పోయింది. మందు ఆటోసాంప్లర్ (సాంపిల్స్‌ని వరుసగా యంత్రంలోకి పంపే భాగం) ట్రేలో కూర్చుని తన వంతు వచ్చేలోపే విరిగిపోతోంది. వాటర్ బాత్‌లోంచి తీసినంత మాత్రాన చర్య ఆగదు, చుట్టూ ఉన్నది పీహెచ్ 9 ద్రావణమే కదా. దాన్ని మనమే ఆపాలి. ఇక అప్పటినుంచి ముందే కాస్త ఫాస్ఫారిక్ ఆసిడ్ కలిపిన అసిటోనైట్రైల్‌ని వయల్స్‌లో కొలిచి పోసి ఐస్ మీద సిద్ధంగా పెట్టుకున్నాను. టైమర్ మోగగానే బాత్‌లోంచి సాంపిల్ లాగి సరిగ్గా అంతే పరిమాణం అందులో వేయడం, మూత బిగించి కలపడం, గడియారం చూసి టైము రాయడం. ఆమ్లంలో మలాథియాన్ నెలల తరబడి నిలుస్తుంది కాబట్టి ఆ క్షణం దగ్గర లెక్క ఆగిపోతుంది. ట్రేని కూడా 5 డిగ్రీలకి చల్లబరిచాం. ఆ తర్వాత అదే వయల్‌ని పొద్దునా సాయంత్రమూ ఇంజెక్ట్ చేసినా ఒకటే పీక్. ప్రింటవుట్లు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి ఎత్తి చూస్తే గీతలు కలిసిపోయాయి. ఆ రోజు కలిగినంత సంతోషం ఫైనల్ రిపోర్ట్ మీద సంతకం పెట్టినప్పుడు కూడా కలగలేదు.

సాంపిల్స్ ఎప్పుడెప్పుడు తీయాలో కూడా మందే చెబుతుంది. పది నుంచి తొంభై శాతం విరిగే మధ్యలో కనీసం ఆరు పాయింట్లు ఉండాలి. హాఫ్ లైఫ్ 12 గంటలైతే పది శాతం పోవడానికి రెండు గంటలు కూడా పట్టదు, తొంభై శాతానికి 40 గంటలు. కాబట్టి నైట్ డ్యూటీ తప్పదు. ఆ రాత్రులు జూనియర్ ఒకరు తోడున్నారు. ఒకరు సాంపిల్ తీస్తే ఇంకొకరు టైము చదివి రాయడం. జీఎల్‌పీ (గుడ్ ల్యాబొరేటరీ ప్రాక్టీస్ నియమాలు పాటించే) ల్యాబ్ కనుక రాసింది కొట్టేయాలన్నా ఒకే గీత, పక్కన కారణం, సంతకం, తేదీ. 2011లో ఓఈసీడీ పరస్పర అంగీకార వ్యవస్థలో భారత్ పూర్తి సభ్యత్వం పొందింది. అప్పటినుంచి ఇక్కడ జీఎల్‌పీ కింద చేసిన స్టడీని ఆ దేశాలు మళ్లీ చేయించకుండానే తీసుకోవాలి. ఆ ఒప్పందం విలువంతా ఇలా అర్ధరాత్రి రాసిన పేజీల మీద ఆధారపడి ఉందని నాకు ఆ స్టడీలోనే తెలిసొచ్చింది.

పీహెచ్ 4 సంగతి పూర్తిగా వేరు. గైడ్‌లైన్ 30 రోజుల దగ్గర ఆపేయమంటుంది, 25 డిగ్రీల దగ్గర ఆ లోపు విరిగేది కొంచెమే. అందుకే 50, 60, 70 డిగ్రీల్లో నడిపి, వేడికీ చర్య వేగానికీ ఉన్న సంబంధాన్ని చెప్పే ఆర్హీనియస్ సమీకరణంతో 25 డిగ్రీలకి లెక్క కట్టాం. గ్రాఫ్‌లో మూడు చుక్కలూ ఒకే గీత మీద పడ్డాయి.

పీహెచ్ 7 నుంచి 9కి వెళ్తే నీటికి క్షారగుణం ఇచ్చే హైడ్రాక్సైడ్ వంద రెట్లు పెరుగుతుంది. వేగం మాత్రం పన్నెండు పదమూడు రెట్లే పెరిగింది. ఎందుకని నేనే అడిగాను. ఒక్కోసారి బఫర్ లవణాలు కూడా చేయి వేస్తాయని మేడమ్ చెప్పారు. బఫర్ గాఢత తగ్గించి మళ్లీ చూశాం. విరిగే వేగం మారలేదు, బఫర్‌కి పాత్ర లేదని తేలింది.

చివరి భాగం, విరిగిన ముక్కలేమిటో గుర్తించడం. పది శాతం దాటిన ప్రతిదానికీ పేరు చెప్పాలి. పీహెచ్ 9లో కొత్తగా ఒక పెద్ద పీక్ లేచింది. మలాథియాన్ తగ్గినదానికంటే ఇదే ఎక్కువగా పెరిగినట్టు కనిపించేది. అది డైఇథైల్ ఫ్యూమరేట్. క్షారంలో మలాథియాన్‌లోని ఫాస్ఫరస్ భాగం ఊడిపోతే మిగిలేది అదే. దానికి రెండు కార్బన్ల మధ్య డబుల్ బాండ్ ఉంది కాబట్టి మా డిటెక్టర్ కాంతిని మలాథియాన్ కంటే చాలా గట్టిగా పీలుస్తుంది. కొంచెం ఉన్నా పీక్ పెద్దగా వస్తుంది. పీక్ సైజు చూసి మోతాదు చెప్పకూడదు. దాని స్టాండర్డ్, అంటే శుద్ధమైన నమూనా, విడిగా తెప్పించి, ఎంత మోతాదుకి ఎంత పీక్ వస్తుందో విడిగా కర్వ్ గీసి లెక్క వేస్తేనే అంతా సరిపోయింది. ఆ డైఇథైల్ ఫ్యూమరేట్ కూడా ఎస్టరే కదా, క్షారంలో అదీ నిలవదు. పీక్ కొంత పెరిగి మళ్లీ దిగడం మొదలుపెట్టింది.

స్టడీ నడుస్తుండగానే మా నాయినతో ఫోన్లో మాట్లాడుతూ ఇదంతా చెప్పాను. మాది నల్గొండ జిల్లా, బత్తాయి తోట. కాయ రసం పీల్చే రెక్కల పురుగుకి బెల్లం నీళ్లలో మలాథియాన్ కలిపి చెట్ల మధ్య ఎర పెడతారు. "బోర్డో మిశ్రమంలో ఈ మందు కలపొద్దని ఏఈఓ సారు మొదట్నుంచి చెప్తనే ఉన్నడు బిడ్డా, గందుకేనా?" అన్నాడు. అందుకే. బోర్డో అనే తెగుళ్ల మందులో సున్నం ఉంటుంది, సున్నపు నీళ్లలో మలాథియాన్ పురుగు దాకా వెళ్లేలోపే పోతుంది. మా ప్రాంతపు ఫ్లోరైడ్ బోరు నీళ్లు చాలాచోట్ల క్షారంగానే ఉంటాయి. ల్యాబ్ దగ్గర కొన్న పీహెచ్ స్ట్రిప్స్ పంపిస్తే మా బోరు నీళ్లలో ముంచి చూశాడు. రంగు 8 పైన చూపించింది. ఎరకి కలిపిన మందుని రెండు మూడు రోజులు వాడటం మానేసి, ఏ సాయంత్రానికి ఆ సాయంత్రం కావాల్సినంతే కలుపుకుంటున్నాడు.

"మరి కడమ మందులు గూడ గిట్లనేనా?" అని అడిగాడు. కాదు నాయినా, ఇమిడాక్లోప్రిడ్ పీహెచ్ 9 నీళ్లలో పెట్టినా సగం తగ్గడానికి దాదాపు ఏడాది పడుతుంది అని చెప్పాను. అయితే అది చెరువులోకి పోతే ఏందని వెంటనే ఇంకో ప్రశ్న వేశాడు. దానికి వెలుతురులో చేసే స్టడీ వేరే ఉంది, అందులో అది చాలా త్వరగా విరుగుతుంది అని చెబుతుంటే, ఆ స్టడీ నువ్వే చేస్తున్నవా అన్నాడు. వచ్చే నెల ప్లాన్‌లో ఉంది.