పంచదార పొడిలో రాలిన ఎర్ర చుక్కలు

నిన్న పొద్దున తేనెపెట్టె ముందు నేల మీద రెక్కలు ముడతపడ్డ తేనెటీగలు పాకుతున్నాయి, ఎగరలేవు పాపం. అనుమానమొచ్చి అరకప్పు ఈగల్ని, అంటే సుమారు 300, జాలీ మూత ఉన్న సీసాలో వేసి పంచదార పొడి చల్లి దులిపితే తెల్ల పళ్లెంలో ఆవగింజంత ఎర్ర నల్లులు 11 రాలాయి. వరోవా! తేనెటీగల్ని పట్టి పీడించే నల్లి ఇది. నూరు ఈగలకి మూడు నల్లులు దాటితే టెన్షనే. ఈగ ఒంట్లో కొవ్వు తినడమే కాదు, రెక్కలు చెడగొట్టే వైరస్‌నీ ఎక్కిస్తుందిది. తల్లి నల్లి, ఈగపిల్ల పెరిగే గదికి మైనం మూత పడేముందే లోపలికి దూరి అక్కడే గుడ్లు పెడుతుంది, అందుకే పైపైన వేసే మందు లోపలివాటికి తగలదు. మన దేశవాళీ ఈగైతే దీనికి పాతకాపు, ఒళ్లు దులిపి పీకి పారేస్తుంది. నా ఇటాలియన్ ఈగలకి ఆ నేర్పు తక్కువ. నల్లికి మగ ఈగపిల్లల గదులే ఎక్కువ ఇష్టం కాబట్టి ఇవాళ పట్టులో ఆ గదులున్న ముక్క కోసేశాను.