మా పాత మానిటర్ మచ్చ వదిలింది

అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చేస్తాను. కొత్త కంప్యూటర్ ఉన్నా, పత్రికల పని ఇప్పటికీ పాత విండోస్ 98 సిస్టం మీదే. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల ‘అను’ ఫాంట్లు, ఇరవై ఏళ్ల ఫైళ్లు అన్నీ అందులోనే ఉన్నాయి. దాని మానిటర్ 17 అంగుళాల పాత డబ్బా రకం. ఆ తెర మీద కనిపించే పసుపు అచ్చులో ఎంత ముదురుతుందో నా కంటికి తెలుసు. ఈ ఊళ్లో రంగు తేడా వచ్చిందని ఒక్క పత్రిక కూడా నా దగ్గరికి తిరిగి రాలేదు. ఈ మాట గర్వంగానే చెప్తున్నా.

పోయిన ఆదివారం మా అక్క కొడుకు, ఆరేళ్లవాడు, పాడైన స్పీకర్ వెనకుండే గుండ్రటి అయస్కాంతాన్ని తెరకు ఆనించి తిప్పుతూ ఆడుకున్నాడు. రంగులు సుళ్లు తిరుగుతుంటే వాడికి సంబరం. నేను వచ్చేసరికి తెరకు ఎడమ పక్క పైన పళ్లెమంత ఆకుపచ్చ మచ్చ, దాని అంచున ఊదా రంగు. అయస్కాంతం తీసేసినా మచ్చ పోలేదు. వాణ్ని ఏమీ అనలేదు. ఇంత వయసొచ్చిన నాకే తెలియని సంగతి వాడికెట్లా తెలుస్తుంది?

మొదట వరసగా పదిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశాను. ఏమీ కాలేదు. మానిటర్ మెనూలో గుర్రపు లాడం మీద గీత కొట్టినట్టు ఒక బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే ‘దమ్’మని శబ్దమొచ్చి తెర వణికింది, మచ్చ కొంచెం పలచబడింది. మళ్లీ మళ్లీ నొక్కాను, లాభం లేదు. పక్క షాపాయన అదే అయస్కాంతాన్ని తిరగేసి పెట్టమన్నాడు. ఆ మాట విన్నాను, రెండో మచ్చ పడింది. ఆ పని మాత్రం ఎవరూ చేయకండి.

సోమవారం దాన్ని ఆటోలో వేసుకుని ఒక పెద్ద కంప్యూటర్ షాపుకు తీసుకెళ్లాను. పదిహేను కిలోలకు పైనే ఉంటుంది, నేనే మోసుకుంటూ లోపలికి వెళ్లాను. కౌంటర్ దగ్గరున్న అబ్బాయి ప్లగ్గు కూడా పెట్టకుండానే, “ఏమన్నా, ఇది ఇంకా వాడుతున్నావా? పాత సామాన్లోడికి వేసెయ్, బరువు మీద ఏమన్నా వస్తాది” అన్నాడు. షాపులో ఐదారుగురు ఉన్నారు, అందరూ నవ్వారు. శ్రావణంలో కూతురి పెళ్లికి నాకు పత్రికల ఆర్డర్ ఇచ్చిన ఒక పెద్దమనిషి కూడా ఆ గుంపులోనే ఉన్నాడు. నా ముఖం కందిపోయింది. అయినా బతిమాలి అక్కడే పెట్టి వచ్చాను.

మూడు రోజులు తిప్పించుకున్నారు. గురువారం వెళ్తే మూలన దుమ్ములో ఉంది, వేసిన తాడు వేసినట్టే ఉంది. “పిక్చర్ ట్యూబ్ పోయింది, ఇప్పుడు దొరకదు, కొత్త ఎల్‌సీడీ తీసుకో” అన్నారు. తాడు విప్పకుండానే ట్యూబు పోయిందని ఎట్లా తెలిసింది? పైగా చెకింగ్ చార్జీ అని మూడు వందలు అడిగారు. గొడవెందుకని ఇచ్చేశాను. ఆ మూడు వందలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతోంది. సాయంత్రం ఆ పెద్దమనిషి ఫోన్ చేసి, “మా పత్రికలో రంగులు సరిగ్గా వస్తాయి కదా అప్పా?” అని అడిగాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చివరికి మా ప్రెస్సు కుర్రాడు చెప్తే పాతూరులో ఒక ముసలి టీవీ మెకానిక్ దగ్గరికి వెళ్లాను. భాయ్ చూస్తూనే, “ఏం పెట్టినారు సార్ దీని మీద? హార్డ్ డిస్క్‌లో మాగ్నెట్ కాదు కదా?” అన్నాడు. స్పీకర్‌దని చెప్పాను. “అయితే కాయిల్ తిప్పితే పోతాది” అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

తెర గాజు వెనక సన్నని రేకు ఉంటుందట, దాని నిండా చిల్లులు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కోసం మూడు కిరణాలు ఆ చిల్లుల గుండా వెళ్లి తమ తమ రంగు చుక్కల మీదే పడాలి. రేకు ఇనుము కలిసినది కాబట్టి అయస్కాంతం తగిలితే అదీ అయస్కాంతమై కిరణాల దారి తప్పిస్తుంది. హార్డ్ డిస్క్‌లో ఉండేలాంటి బలమైన అయస్కాంతమైతే రేకే వంగిపోవచ్చు, అప్పుడు ఇక బాగు కాదు. ఆన్ చేసినప్పుడు వచ్చే ‘దమ్’ శబ్దం, రేకుకు పట్టిన అయస్కాంత గుణాన్ని పోగొట్టే లోపలి తీగచుట్ట, అంటే కాయిల్‌ది. ఒకసారి పనిచేశాక దాని కరెంటు తగ్గించే భాగం వేడెక్కి ఉంటుంది, చల్లారడానికి అరగంట దాకా పడుతుంది. నేను వెంటవెంటనే నొక్కినవన్నీ అందుకే వృథా.

భాయ్ నల్ల టేపు చుట్టిన పెద్ద కంకణం లాంటి కాయిల్ తీశాడు. తెరకు దూరంగా నిలబడి స్విచ్ నొక్కి, మెల్లగా దగ్గరికి తెచ్చి, హారతి తిప్పినట్టు తెర ముందు గుండ్రంగా తిప్పాడు. రంగులన్నీ అల్లకల్లోలమైపోయాయి. అట్లాగే తిప్పుతూ ఒక్కో అడుగూ వెనక్కి వేసి, గోడ దాకా పోయి, కాయిల్‌ను అడ్డంగా తిప్పి అప్పుడు స్విచ్ వదిలాడు. దగ్గరగా ఉన్నప్పుడు వదిలితే కొత్త మచ్చ పడుతుందట. మొదటిసారికే ఆకుపచ్చ పోయింది. అరగంట ఆగి ఇంకోసారి తిప్పితే ఊదా రంగూ పోయింది. డబ్బా విప్పనే లేదు. లోపల వేల వోల్టులుంటాయి, ఆఫ్ చేశాక కూడా నిలిచి ఉంటాయి కాబట్టి ఊరికే విప్పకూడదన్నాడు.

వంద అడిగితే రెండు వందలు ఇచ్చాను. పనివాడంటే ఆయన. మీ ఇంట్లోనూ ఇలాంటి మచ్చ పడితే అద్దాలు బిగించిన పెద్ద కంప్యూటర్ షాపులకు పోకండి, పాత కలర్ టీవీలు బాగుచేసిన మనిషి కోసం అడగండి.

సెంటర్‌కు తెచ్చి పేజ్‌మేకర్‌లో పేజీ మొత్తం ఎరుపు నింపి చూశాను. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్కటే ఎరుపు. ఆ పెద్దమనిషిని పిలిపించి తెర ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాను. పసుపు అంచునూ కుంకుమ రంగు అక్షరాలనూ చాలాసేపు చూసి, “వేసెయ్ అప్పా” అన్నాడు. ఐదు వందల పత్రికలు నిన్న సాయంత్రం అచ్చుకు వెళ్లాయి.