స్టెంట్ వేశాక నాకు నిద్ర ఎలా పట్టిందంటే

నాకు వచ్చింది గుండెపోటని మొదట ఎవరూ అనుకోలేదు. దవడ లాగేస్తోంది, వీపు మధ్య పట్టేసింది, జాకెట్టు తడిసిపోయేంత చెమట. మా వీధి చివర డాక్టరుగారు నాడి చూసి, "ఈ వయసులో ఆడవాళ్లకి ఇవన్నీ మామూలేనమ్మా, గ్యాస్ పైకి తన్నింది" అని ఓ ఇంజెక్షన్ చేసి ఇంటికి పంపేశారు. ఈసీజీ ఊసే లేదు. ఛాతీలో నొప్పి అంతగా లేకుండా దవడ నొప్పి, వీపు నొప్పి, ఆయాసం, వాంతులతో కూడా గుండెపోటు రావచ్చు, ఆడవాళ్లలో ఇలా ఎక్కువ. ఇది పుస్తకాల్లో ఉన్న సంగతే. ఆయన చదివిన పుస్తకాల్లోనూ ఉండే ఉంటుంది. మా చిన్నమ్మాయి పట్టుబట్టి తెల్లారకముందే ఆసుపత్రికి తీసుకెళ్లబట్టి బతికాను. మణికట్టు దగ్గర్నుంచి తీగ పంపి, మూసుకుపోయిన గుండె రక్తనాళం తెరుచుకుని ఉండేలా స్టెంట్ అనే చిన్న జల్లెడ గొట్టం వేశారు. వేసిన డాక్టరు చేతికి దణ్ణం పెట్టాను, ఇప్పటికీ పెడతాను. ఆసుపత్రి సంగతులు ఇంతకన్నా చెప్పను, అవి అందరికీ ఒక్కలాగే ఉంటాయి.

అసలు కథ ఇంటికొచ్చాక మొదలైంది.

చూడ్డానికి వచ్చినవాళ్లు బత్తాయిలు తెచ్చారు, ధైర్యం చెప్పారు. మావారి మేనత్తగారు కాఫీ తాగుతూ, "మా తోటికోడలికీ ఇలాగే స్టెంటేశారమ్మాయ్. చక్కగా తిరిగింది, వంటా వార్పూ చేసుకుంది. ఓ రాత్రి పడుకుంది, మరి లేవలేదు. మహాతల్లి, ఎవరిచేతా చేయించుకోకుండా దాటిపోయింది" అన్నారు. ఆవిడ నన్ను ఓదారుస్తున్నాననే అనుకున్నారు. గ్లాసు కింద పెట్టి, జాగ్రత్త అని చెప్పి వెళ్లిపోయారు.

ఆ రాత్రి నేను కళ్లు మూయలేదు. ఎడమవైపు తిరిగితే దిండులోంచి గుండె వినిపిస్తోంది. మెడ మీద వేళ్లు పెట్టి లెక్కపెట్టుకుంటుంటే మధ్యలో ఒకటి తప్పింది. తప్పిందా, నేనే లెక్క తప్పానా? మళ్లీ మొదట్నుంచి. దిండు కింద, గుండె నొప్పొస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్రల అట్ట ఉందో లేదోనని అస్తమానూ తడుముకోవడం. పక్కన మావారు గురకపెడుతున్నారు, ఆ గురక వింటుంటే ఆయన మీద ఎక్కడలేని కోపం. కొవ్వూరు వైపు వెళ్లే రైలు గోదావరి వంతెన ఎక్కిన చప్పుడు వినిపించింది, తరవాత ఇంకోటి, తరవాత ఇంకోటి. తెల్లవారి పాల కుర్రాడు గేటు తీశాక నిద్ర ముంచుకొచ్చింది. పగలైతే పోయినా ఎవరో ఒకరు చూస్తారు కదా, అందుకు.

అప్పట్నుంచి రాత్రులన్నీ అంతే. ఆసుపత్రి డాక్టరుగారికి చెబితే, "గుండె ఎకో స్కాన్ బ్రహ్మాండంగా ఉందమ్మా, నిద్ర అదే సర్దుకుంటుంది" అని తలెత్తకుండా ఓ చిన్న మాత్ర రాశారు. దాంతో పగలంతా మత్తు, రాత్రి మెలకువ.

అప్పుడు మావారి స్నేహితుడొకాయన, అరికాళ్లలో ఫలానా చోట నొక్కితే ఫలానా అవయవం బాగవుతుందనే రిఫ్లెక్సాలజీ అంటూ ఒక సెంటరుకి పంపారు. గోడ మీద రెండు అరికాళ్ల పటం, రంగురంగులుగా. బొటనవేలు తలట, వేళ్ల కింద మెత్తటి చోటు ఊపిరితిత్తులు, నడిమి వంపు కడుపూ మూత్రపిండాలూ, మడమ నడుము కింది భాగం. అక్కడి అబ్బాయి చెక్క పుల్లతో ఎడమ పాదంలో నాలుగో వేలి కింద ఒక్క నొక్కు నొక్కేసరికి కెవ్వుమన్నాను. "చూశారా మేడమ్, బ్లాకు ఇక్కడే ఉంది" అన్నాడు.

"దాన్ని తీసేశారుగా బాబూ?"

"అది పైపైన మేడమ్. మేం మూలం నుంచి తీస్తాం. 20 సిట్టింగులయ్యాక ఆ రక్తం పలచబడే మాత్రలు మీకు అక్కర్లేదు."

ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు చెయ్యి వణుకుతుంది. స్టెంట్ వేసినవాళ్లు క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ లాంటివి మధ్యలో ఆపేస్తే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టి మూసుకుపోవచ్చు. మామూలుగా ఏడాది పాటు రెండూ వాడమంటారు. ఎన్నాళ్లన్నది డాక్టరు చెప్పాలి గానీ పుల్ల పట్టుకున్నవాడు కాదు. ఎంతమంది అమాయకులకి చెబుతున్నాడో ఆ మాట! మర్నాటికి పాదంలో నేరేడుపండంత నల్లటి మచ్చ తేలింది. ఆ మాత్రలు వేసుకునేవాళ్లకి కాస్త గట్టిగా నొక్కినా చర్మం కింద రక్తం చేరుతుందని అతనికి తెలియదు.

మచ్చ చూసి మందలించింది మా వీధిలో ఉండే రిటైరైన నర్సమ్మగారు. ఆవిడా ఈ రిఫ్లెక్సాలజీ నేర్చుకున్నారట, నాకు తెలియనే తెలియదు. "మచ్చ పోయాక నేనొస్తాను టీచరుగారూ" అన్నారు. వచ్చినరోజు పాదం ముట్టుకునే ముందు ఎన్ని ప్రశ్నలో. షుగరుందా, అరికాళ్లలో తిమ్మిరి ఉందా, పుండ్లున్నాయా, ఎప్పుడైనా పిక్క వాచి, వేడిగా ఉండి, నొప్పి చేసిందా? పిక్కలో రక్తం గడ్డకట్టి ఉంటే కాలు నొక్కనే కూడదట, అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుందట. కాలి ముంగిట ఎముక మీద వేలితో నొక్కి, నీరు పట్టి గుంట పడుతోందేమో చూశారు.

స్టీలు గిన్నెలో గోరువెచ్చటి నువ్వులనూనె. పుల్లా లేదు, మర్దనా లేదు. బొటనవేలి కణుపు వంచుతూ, చాచుతూ గోరంత గోరంత ముందుకి జరుపుకుంటూ మడమ నుంచి వేళ్ల దాకా వెళ్లారు. అరికాలు పైభాగం మధ్యలో, వేళ్ల కింది ఉబ్బు అయిపోయేచోట బొటనవేలు ఆనించి, "ఊపిరి మెల్లగా తీసుకోండి, ఇప్పుడు వదలండి" అన్నారు. అంతవరకే గుర్తుంది. కుర్చీలోనే నిద్రపోయాను. లేచేసరికి వంటింట్లో కుక్కరు కూత. నా కాలు ఆవిడ ఒళ్లోనే ఉంది. కదిపితే లేస్తానని అలాగే కూర్చుండిపోయారట.

"ఆ పటమంతా నిజమేనంటారా?" అని అడిగాను ఓసారి. "ఏమోనండి, నాకు నేర్పినావిడ అలాగే చెప్పారు. ఈసీజీలో కనపడేది నాకు వేలికి ఎలా తెలుస్తుంది? నేను నిద్ర కోసం వస్తున్నాను" అన్నారు.

మా అబ్బాయి బెంగళూరు నుంచి ఫోనులో క్లాసు పీకాడు. 1917లో ఫిట్జెరాల్డ్ అనే అమెరికా చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఒంటిని నిలువుగా 10 పట్టీలుగా విడదీశాడట. 1930ల్లో యూనిస్ ఇంగమ్ అనే ఫిజియోథెరపిస్టు దాన్ని పాదాలకి దించి పటాలు గీసిందట. 2009లో 18 పరీక్షలు కలిపి చూసిన ఒక సమీక్ష, ఏ జబ్బుకైనా ఇది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదని తేల్చిందట. "సరేరా, జబ్బుకి మాత్రలు వేసుకుంటున్నాను. నేను అడుగుతున్నది నిద్ర సంగతి" అన్నాను. దానికి వాడి దగ్గర జవాబు లేదు. మా నానమ్మ వేసవి రాత్రుళ్లు కంచుగిన్నెతో మా అరికాళ్లకి ఆముదం రుద్దేది, ఏ పటం చూసి రుద్దింది? ఆసుపత్రిలో నన్ను ముట్టుకున్న ప్రతి చెయ్యీ సూది గుచ్చడానికో బీపీ చూడ్డానికో ముట్టుకుంది. అరగంట సేపు ఏమీ అడగకుండా పట్టుకున్న చెయ్యి నర్సమ్మగారిదొక్కటే.

ఇప్పుడు మావారు నేర్చుకున్నారు. టీవీలో వార్తలు చూస్తూ నొక్కుతారు, చర్చ వేడెక్కితే పట్టు బిగుస్తుంది, అరుస్తాను. ఎవరైనా చేయించుకోవాలంటే చేయించుకోండి, హాయిగా ఉంటుంది. షుగరుతో పాదాల స్పర్శ తగ్గినవాళ్లు, గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందు డాక్టరునడగండి. ఫలానా అవయవంలో రోగముందని అరికాలు చూసి చెప్పేవాళ్లకి, మాత్రలు మానమనేవాళ్లకి మాత్రం మీ కాలివ్వకండి.

మొన్న చెకప్‌లో డాక్టరుగారికి ఇదంతా చెబితే నవ్వి, "మాత్రలు మానకండి, కాళ్లు రోజూ నొక్కించుకోండి" అన్నారు. ఇంటికెళ్లాక చాలామందికి ఇలా భయంతో నిద్ర పట్టదని కూడా అన్నారు. ఆ ముక్క డిశ్చార్జి రోజు చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

అన్నవరం మొక్కు బాకీ ఉంది. కార్తీకంలో రద్దీ, ఆ నెల దాటాక వెళ్లి సత్యనారాయణస్వామి వ్రతం చేయించుకుంటాం. కొండ మీదికి బస్సులోనే. నర్సమ్మగారిని కూడా రమ్మన్నాను, సరేనన్నారు.