పిన్ని పేరు ముక్కుపుడక

ఈరోజు ఆదివారం కదా, లేటుగా లేచి పిన్ని వాళ్ళింటికెళ్ళా. తమ్ముడు నిన్న గుణుపురం పాసింజర్లో వైజాగ్ నుంచి పర్లాకిమిడి వచ్చాడు. వాడికి పుట్టుకతోనే వినపడదు. చిన్నప్పుడు మేమే ఇంట్లో ఏవో సైగలు కల్పించుకున్నాం, బువ్వంటే నోటి దగ్గర చెయ్యి, నాన్నంటే మీసం, మహా అయితే ఓ ముప్పై ఉంటాయేమో, వాటితోనే పదేళ్ళొచ్చేదాకా నెట్టుకొచ్చాడు పాపం. హాస్టల్లో చేరాకే సైన్ లాంగ్వేజ్ వచ్చింది వాడికి.

నేనెళ్ళేసరికి బరంపురం ఫ్రెండుతో వీడియో కాల్లో ఉన్నాడు. ఆ అబ్బాయిది ఒడియా ఇల్లు, తెలుగు ముక్క రాదు, వీడికి ఒడియా రాదు, అయినా గంటన్నర ఆపకుండా చేతులు తిప్పుతూ పగలబడి నవ్వుకుంటున్నారు! నేనేమో ఇన్నేళ్ళయినా బజార్లో వంకాయలు బేరమాడటానికి సగం ఒడియా సగం తెలుగు కలిపి కొడతా. ఊరూరికీ కొన్ని సైగలు మారతాయట, అర్థం కాకపోతే రెండు చేతులతో ఇంగ్లీషు అక్షరాలు పేర్చి చెప్పుకుంటారు (అమెరికావాళ్ళది ఒంటిచేతి అక్షరమాల, వాళ్ళ సైన్ లాంగ్వేజే వేరు).

"ఏటే, అంతసేపు ఏటి సెప్పుకుంటన్నారు?" అంది పిన్ని. నాకేం తెలుసు. కొంచెం కుళ్ళుగానే ఉన్నట్టుంది ఆవిడకి.

కాల్ అయ్యాక నాకు క్లాసు పీకాడు. 'నీ పేరు ఏంటి'కి 'ఏంటి' చివర్నే వస్తుంది, అచ్చం మనలాగే, ఓస్ ఇంతేనా అనుకున్నా. తర్వాత 'ఎక్కడికి వెళ్తున్నావ్' అని మన వరసలోనే పెడితే తల అడ్డంగా ఊపాడు, 'నువ్వు వెళ్ళు ఎక్కడ' అట, ప్రశ్న మాట చివరికే పోవాలి. ఫోన్లో డిక్షనరీ వీడియోలు చూపించాడు. ఢిల్లీలో 2015లో పెట్టిన సైన్ లాంగ్వేజ్ సెంటర్‌వాళ్ళు 2018లో 3 వేల మాటలతో మొదలుపెట్టి 2021కి 10 వేలు చేశారు. మా ఇంటి ముప్పై గుర్తొచ్చి ఏదోలా అయింది.

ఇంకోటి, మా అందరికీ సైగ పేర్లు పెట్టేశాడు! పిన్నిది ముక్కుపుడక మీద వేలు. బాబాయిది కళ్ళజోడు కిందకి దించి చూడ్డం. నాదేమో తల గోక్కోవడం. దెబ్బలాడా, మార్చనన్నాడు. పిన్ని మాత్రం వంటింట్లో తన పేరు తనే నాలుగుసార్లు వేసుకుని చూసుకుంది, నేను చూడలేదనుకుని.

ఇదిగో ఇది రాస్తూ కూడా తల గోక్కుంటున్నా. ఛీ.